కొత్త టీవీకి మండల దీక్ష

"కొత్తొక వింత, పాతొక రోత" అన్నారు మన పెద్దలు. ఆ రెంటికీ నడుమ ఇంకొక దశ ఉందన్న సంగతి ఎందుచేతనో సామెతలోకి రాలేదు. వస్తువు ఇంటికి వచ్చిన మొదటి రోజుల మాట నేను చెప్పేది. అప్పటికది మన మాట వినదు, దాని గుణం మనకు తెలియదు. కొత్త చెప్పు కాలు కరుస్తుంది. కొత్త ఇనపపెనం మొదటి నాలుగు దోసెల్నీ వదలదు. నూనె రాసి, ఉల్లిపాయ ముక్కతో రుద్ది, సన్నని సెగ మీద కాచి దాన్ని దారికి తెచ్చుకోవాలి. కొత్త మట్టికుండను నీళ్ళలో నానబెట్టకుండా పొయ్యెక్కించం. కొత్త చేనేత చీరను మొదటిసారి విడిగా ఉప్పునీళ్ళలో జాడించకుండా నాలుగు బట్టల్లో కలపం. దీన్నే మచ్చిక చేసుకోవడం అంటాం. ఈ విద్యకు బడి లేదు, పుస్తకం లేదు. అమ్మ చెబితే కూతురూ, అత్త చెబితే కోడలూ నేర్చుకున్నదే.

చిత్రమేమిటంటే, ఇంత తెలిసిన ఇల్లాలిని ఇంటికి టీవీ వచ్చిన రోజు మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు. "నువ్వు పక్కకు జరుగు, వైర్లు తొక్కుతావు" అంటారు!

మన ఉత్తర తెలంగాణలో కొత్త వస్తువుకు మొదటి మర్యాద జరిగే చోటు కొండగట్టు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో, మల్యాల మండలం ముత్యంపేట దగ్గర ఉన్న ఆంజనేయస్వామి గుట్ట అది. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఆ ఏడు అక్టోబరులో జగిత్యాల జిల్లాలోకి వెళ్ళింది. స్కూటరో, ట్రాక్టరో, కారో కొన్నవాళ్ళు ముందు దాన్ని గుట్ట మీదికి తీసుకుపోతారు. పసుపు కుంకుమలు పెట్టించి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన తరవాతే వాడకం. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచారానికి తయారు చేయించుకున్న 'వారాహి' వాహనానికి పూజ చేయించిందీ ఇక్కడే. కొబ్బరిచిప్ప కోసం కాచుకు కూచునే కోతుల సంగతి వెళ్ళొచ్చినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

స్వామికి దండం పెట్టుకుని వచ్చాక మెకానిక్ దండకం ఒకటుంటుంది. "మొదటి వెయ్యి కిలోమీటర్లు నిదానంగ నడుపుండ్రి సార్. ఒక్కపారే గుంజకుండ్రి. ఒకటే స్పీడు మీద గంటలకు గంటలు పోకుండ్రి." ఇంజను లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకోవాలి కదా మరి! పూజారికీ మెకానిక్కూ ఇందులో తగాదా ఏమీ లేదు. కొత్తదాన్ని హడావుడి పెట్టవద్దనే ఇద్దరూ చెబుతున్నారు.

బండిని గుట్టెక్కించినట్టు టీవీని ఎక్కించలేం. అందులోనూ ప్లాస్మా టీవీని అసలే ఎక్కించలేం. ఇప్పుడు దుకాణాల్లో ఆ పేరు వినబడదు గానీ, 2000 తరవాత కొన్నేళ్ళ పాటు గోడకు ఆనించే పెద్ద టీవీ అంటే ప్లాస్మాయే. పాత డబ్బా టీవీతో పోలిస్తే పలకలాగే ఉండేది గానీ 42 అంగుళాలది పాతిక ముప్పై కిలోలు తూగేది. అదంతా గాజు సరుకు. పడుకోబెట్టి తీసుకుపోవద్దు, నిలబెట్టే తీసుకుపోవాలని కంపెనీలు చెప్పేవి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయి, మస్కట్ వైపు పనికి పోయినవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు పెద్ద పెట్టెల్లో తెచ్చే వస్తువుల్లో పలక టీవీ కూడా చేరింది. 2013 ఆగస్టు 26 నుంచి ప్రభుత్వం అలా తెచ్చే టీవీలకు సుంకం మినహాయింపు తీసేసి, సెస్సుతో కలిపి 36.05 శాతం వేసేదాకా ఆ ముచ్చట సాగింది. ఎడారిలో చెమటోడ్చిన డబ్బుతో వచ్చిన వస్తువాయె! దాని మీద ఇంటిల్లిపాదికీ ప్రాణం. చట్రానికి కుంకుమబొట్టు, ముందు అగరొత్తి, ఒక కొబ్బరికాయ. పూజ ఇంట్లోనే జరిగిపోయేది.

మెకానిక్ దండకం లాంటిది ప్లాస్మాకూ ఉండేది. మొదటి నూరు నుంచి రెండు వందల గంటలు దాన్ని సుతారంగా చూసుకోవాలని తెలిసినవాళ్ళు చెప్పేవారు. రోజుకు అయిదు గంటలు టీవీ నడిచే ఇంట్లో రెండు వందల గంటలంటే ఎంత? నలభై రోజులు! కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్ళ మండల దీక్ష నలభై ఒక్క రోజులు. ఒక్క రోజు తేడాతో లెక్క కుదిరింది చూశారూ!

ఈ దీక్ష ఎందుకో తెలియాలంటే దాని కడుపులో ఏముందో చూడాలి. రెండు గాజుపలకల మధ్య లక్షలకొద్దీ సన్నని గదులు. వాటిలో నియాన్, జెనాన్ అనే వాయువులు. కరెంటు తగలగానే అవి మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్ని విడుస్తాయి. గది గోడలకు పూసిన ఫాస్ఫర్ పూత ఆ కిరణాలు తగిలి ఒక గదిలో ఎర్రగా, ఒక గదిలో పచ్చగా, ఒక గదిలో నీలంగా వెలుగుతుంది. మన వంటింటి ట్యూబులైటుది కూడా ఇంచుమించు ఇదే సూత్రం. ఆ పూత వాడేకొద్దీ అరుగుతుంది. మొదటి రోజుల్లో ఆ అరుగుదల వేగంగా ఉంటుంది, తరవాత నిదానిస్తుంది. తెరంతా సమానంగా అరిగితే చిక్కులేదు. ఒక మూల ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా నిలబడితే, అక్కడ పూత మిగతాచోట కంటే ఎక్కువ అరిగి, ఆ బొమ్మ నీడ నిలిచిపోతుంది. లేత మచ్చయితే కాసేపు కదిలే బొమ్మలు నడిపిస్తే పోతుంది. ముదిరితే ఇక పోదు. చానెల్ మార్చినా, వేరే సినిమా పెట్టినా వెనక దయ్యంలా కనబడుతూనే ఉంటుంది.

దీని పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో అనే ఇద్దరు ఆచార్యులు, రాబర్ట్ విల్సన్ అనే విద్యార్థి కలిసి మొదటి ప్లాస్మా తెరను కనిపెట్టారు. సినిమాలు చూడ్డానికి కాదండీ, చదువు చెప్పడానికి! 'ప్లేటో' అనే బోధన కంప్యూటరులో పాఠాలు చూపించడానికి వాళ్ళకది కావలసివచ్చింది. కంప్యూటరులో జ్ఞాపకశక్తి అన్నది బంగారమంత ఖరీదైన కాలం అది. ఒకసారి చూపించిన బొమ్మను తెర తనంతట తానే గుర్తుంచుకుంటే ఖర్చు తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. ఆనాటి తెర బొమ్మను పట్టుకుని ఉండే పద్ధతి వేరు, ఇంట్లో టీవీకి పడిన మచ్చ వేరు. అయినా ఒకప్పుడు గుర్తుంచుకోవడమే గొప్పగా పుట్టిన తెర, మన ఇళ్ళకు చేరేసరికి గుర్తుంచుకోవడమే లోపంగా పేరు తెచ్చుకుంది.

నాకు మాత్రం అది లోపంగా తోచదు. మన తెలుగు టీవీకి దొరికిన విమర్శకుల్లో ఇంత నిష్పక్షపాతి ఇంకొకరు లేరు. పత్రికల్లో విమర్శ రాసేవాళ్ళకు స్నేహాలుంటాయి, మొహమాటాలుంటాయి. ప్లాస్మాకు అవేవీ లేవు. ఏది కదలకుండా తిష్ట వేసిందో దాన్ని అచ్చు గుద్ది చూపించేది. అందుకని ఆ దీక్షలోని నాలుగు నియమాల్నే కొలబద్దగా పెట్టుకుని మన కార్యక్రమాల్ని ఒకసారి కొలిచి చూద్దాం.

మొదటి నియమం వెలుగు తగ్గించడం. దుకాణంలో పది టీవీల మధ్య, నూరు దీపాల కింద కొట్టొచ్చినట్టు కనబడాలని వెలుగూ కాంట్రాస్టూ చివరికంటా పెంచిపెడతారు. ఇంటికి తెచ్చాక తగ్గించుకోవాలి. పెళ్ళిచూపుల నాటి పౌడరుతో కాపురం చేయలేం కదా! నలభై రోజులూ దాని మీద భారం వేయొద్దని, వేడెక్కుతోందేమో చూడమని, వెనక గాలి ఆడనివ్వమని ఇంటిల్లిపాదీ ఒకరికొకరు చెప్పుకునేవారు. బాగుంది. ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడలికి ఇలాంటి నలభై రోజుల రాయితీ దొరికిందా అని మాత్రం అడక్కండి. మూడో నాడే పొయ్యి దగ్గర నిలబెట్టి ఉంటారు.

ఈ కొలతకు మన సీరియల్ ఇళ్ళు నిలవవు. ఆ ఇళ్ళల్లో ఏ మూలా నీడ ఉండదు. వంటింట్లో పప్పు తాలింపు వేసే ఆవిడ పట్టుచీర, వడ్డాణం పెట్టుకుని ఉంటుంది. అర్ధరాత్రి దీపం ఆర్పినా గది పట్టపగల్లాగే ఉంటుంది. దుకాణంలో టీవీకి ఉండే అవసరం వీళ్ళకూ ఉంది పాపం. నూరు చానెళ్ళ మధ్య కొట్టొచ్చినట్టు కనబడాలి. కానీ ఎప్పుడూ చివరికంటా వెలుగుతుంటే, నిజంగా వెలగవలసిన ఘట్టం వచ్చినప్పుడు పెంచడానికి ఏం మిగులుతుంది? ఏడుపూ పెళ్ళీ అప్పగింతలూ అన్నీ ఒకే వెలుతురులో జరుగుతాయి.

రెండో నియమం తెర నిండా బొమ్మ ఉండడం. పాత సినిమాలూ, పాత దూరదర్శన్ కార్యక్రమాలూ నలుచదరానికి దగ్గరగా ఉండే చట్రంలో తీసినవి. వెడల్పాటి ప్లాస్మా మీద వేస్తే రెండు పక్కలా నల్లని పట్టీలు మిగులుతాయి. నడుమ భాగం అరుగుతుంది, పక్కలు అరగవు. ఆరు నెలల తరవాత నిండు తెర బొమ్మ వస్తే ఆ పక్కలు రెండూ కాస్త ఎక్కువ తెల్లగా తేలతాయి. అందుకని చాలా ఇళ్ళల్లో బొమ్మను అడ్డంగా సాగదీసి పెట్టేవారు. 1957 నాటి 'మాయాబజార్' అలా సాగదీస్తే ఏమవుతుంది? ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి ఆ సాగదీత అవసరమా చెప్పండి? సావిత్రి శశిరేఖ కూడా ఆయనతో పోటీకి దిగినట్టుంటుంది!

ఇక్కడ నేను ప్లాస్మా పక్షం వహించను. మార్కస్ బార్ట్‌లే కెమెరాలో వెన్నెల ఎక్కడ ఆగాలో, మనిషి పక్కన ఎంత చోటు వదలాలో లెక్కపెట్టి తీసిన బొమ్మ అది. తెర బాగుండడం కోసం బొమ్మను పాడుచేస్తే ఆ తెర ఉండి ఏం ప్రయోజనం? దీక్ష నలభై రోజులూ 'మాయాబజార్' చూడకుండా ఉండడం తేలిక. ఆ తరవాత ఉన్నదున్నట్టు చూసుకోవచ్చు. వస్తువు మీది ప్రేమకూ ఒక హద్దుంటుంది.

మూడో నియమం అన్నిటికంటే ముఖ్యం. నిలిచిన బొమ్మ ఉండకూడదు. మన టీవీ చరిత్ర అంతా ఈ ఒక్క నియమంలో కనబడుతుంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైన నాటి నుంచి చాన్నాళ్ళ పాటు సాయంత్రం కాసేపే కార్యక్రమాలు. మధ్యలో "అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న బోర్డు నిలబడేది నిజమే గానీ, అప్పటి ఇళ్ళల్లో ప్లాస్మా లేదు. ఉన్నా ఆ కాసేపటికి ఏమీ అయ్యేది కాదు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. 2000 దాటాక ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానెళ్ళు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అక్కడ మొదలైంది అసలు చిక్కు. మూలకు చానెల్ గుర్తు. దాని పక్కన గడియారం. అడుగున లావుపాటి పట్టీ, దాని కింద ఇంకొక పట్టీ. ఆ పట్టీలో అక్షరాలు పరుగెత్తుతాయి, పట్టీ మాత్రం పొద్దుట నుంచి రాత్రి దాకా అంగుళం కదలదు. పైన కొత్త ఇల్లు కూలినా, పాత మంత్రి మారినా అడుగున పట్టీ అదే. క్రికెట్ రోజుల్లో స్కోరుబోర్డు దీనికి తోడు.

ఇక మచ్చ పడిన ఇంట్లో పంచాయితీ ఎలా జరిగేదో ఊహించండి. జగిత్యాల వైపు ఏ ఇల్లయినా అనుకోండి.

"పొద్దస్తమానం సీరియళ్ళు సూసుడేనాయె. బంగారమసొంటి టీవీని ఖరాబు జేసిండ్రు అత్తా కోడళ్ళు" అని పెద్దాయన మండిపడతాడు.

"మామా, జెర దగ్గరికొచ్చి సూడుండ్రి" అంటుంది కోడలు. "గీ కిందికెల్లి పొడుగ్గ ఉన్న పట్టీ ఏ సీరియల్ల ఉన్నది? గీ మూలకున్న గుర్తు ఏ చానెల్‌ది? మీరు పొద్దుగాల పెట్టి, పొలం కాడికి వోయి, మల్లొచ్చిందాక నడిసిన వార్తలయి గాదా?"

అత్త మెల్లగా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటుంది. ఏళ్ళ తరబడి టీవీకి సంబంధించిన ప్రతి పాపమూ ఆడవాళ్ళ సీరియళ్ళ నెత్తినే పడుతూ వచ్చింది. పిల్లవాడికి మార్కులు తగ్గినా, కరెంటు బిల్లు పెరిగినా, కూర మాడినా ముద్దాయి సీరియలే. మొదటిసారి రుజువు దొరికింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు గానీ, తెర చూసి ఇంటాయన్ని చూడవచ్చని ప్లాస్మా చూపించింది.

అలాగని సీరియల్ పూర్తిగా నిర్దోషి అని నేను తీర్పు రాయబోవడం లేదు. ప్లాస్మా లెక్క ప్రకారం దాని తప్పు లేదు, ఎందుకంటే సీరియల్‌లో బొమ్మ నిలవనే నిలవదు. కోడలు తలుపు తీసిందంటే ఆ తలుపును మూడు వైపుల నుంచి చూపిస్తారు. అత్త మొహం, ఆడపడుచు మొహం, పనిమనిషి మొహం, మళ్ళీ అత్త మొహం! ఒక్కొక్క మొహానికీ ఒక్కొక్క పిడుగుపాటు. బొమ్మ ఇంతగా గెంతుతూ ఉంటుంది గానీ కథ మాత్రం సోమవారం నిలబడ్డ చోటే శుక్రవారమూ నిలబడి ఉంటుంది. వార్తల్లో అక్షరాలు పరుగెత్తి పట్టీ నిలిచినట్టే, ఇక్కడ మొహాలు పరుగెత్తి మనిషి నిలిచిపోతుంది.

నిలిచిపోయిన మనిషి ఎవరో మీకు చెప్పాలా? మంచి ఆడది అంటే నిండు బొట్టు, నిండు గాజులు, నిండు కన్నీళ్ళు, నోట మాట రాకపోవడం. ఒక్క వాక్యం చెబితే తీరిపోయే అపార్థాన్ని ఆవిడ మూడేళ్ళు మోస్తుంది. చెడ్డ ఆడది అంటే పొట్టిచేతుల జాకెట్టు, పాములాంటి బొట్టు, ఎగరేసిన కనుబొమ్మ. ఆవిడ మాత్రం ఇంగ్లీషు ముక్కలు మాట్లాడుతుంది, కారు నడుపుతుంది, ఆఫీసు లెక్కలు చూస్తుంది. అంటే తెలివీ ధైర్యమూ చెడ్డదాని వాటా అన్నమాట! ఈ రెండు బొమ్మలూ ఇరవై అయిదేళ్ళకు పైగా తెర మూలన చానెల్ గుర్తులా కదలకుండా నిలబడ్డాయి.

అన్ని సీరియళ్ళనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమినీలో వచ్చిన 'చక్రవాకం', ఆ తరవాత 2008 నుంచి 2013 దాకా నడిచిన 'మొగలిరేకులు' ప్లాస్మా రోజుల నాటివే. 'మొగలిరేకులు'లో ఆర్.కె. నాయుడు అనే పోలీసు అధికారి పాత్ర కోసం ఇంట్లో మగవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మనుషులు కాలంతో మారడం, నిన్నటి శత్రువు ఇవాళ ఆప్తుడు కావడం అందులో చూశాం. సాగదీత వాటికీ తప్పలేదు, అది వేరే మాట. కదలిక ఉన్నచోట ప్రేక్షకురాలు గుర్తుపడుతుంది, ఆదరిస్తుంది. "ఆడవాళ్ళకు ఏడుపే కావాలి" అనే నిర్మాతలు ఈ సంగతి మరిచిపోతుంటారు.

మచ్చ ఎక్కడ పడుతుందన్నదే ప్రశ్న. సీరియల్ నడిచే గదిలోనే ఓ మూల పదేళ్ళ ఆడపిల్ల హోంవర్కు చేసుకుంటూ ఉంటుంది. ఆ పిల్ల టీవీ చూడదు, వింటుంది. అప్పుడప్పుడు తలెత్తుతుంది. తలెత్తినప్పుడల్లా మౌనంగా ఏడుస్తున్న మంచి ఆడదో, గట్టిగా మాట్లాడుతున్న చెడ్డ ఆడదో కనబడుతుంది. కొత్త తెర మొదటి రోజుల్లోనే తొందరగా అరుగుతుందని చెప్పుకున్నాం కదా! మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతకు అర్థం ఇటు నుంచి కూడా చూడాలి. మొక్కగా ఉన్నప్పుడు ఎటు వంచితే మానయ్యాక అటే ఉంటుంది. నలభై వేలు పెట్టి కొన్న గాజుపలక మీద మచ్చ పడుతుందని హడలిపోయిన ఇళ్ళల్లో, ఈ మచ్చ గురించి ఎవరూ పంచాయితీ పెట్టినట్టు కనబడదు.

నాలుగో నియమం మార్పు. ఒకే చానెల్‌కు అతుక్కుపోవద్దు. కొందరు ఔత్సాహికులు ఈ నియమాన్ని మరీ పట్టుకుని, ఎర్రటి తెర, పచ్చటి తెర, నీలం తెర, తెల్లటి తెర ఒకదాని వెంట ఒకటి రాత్రీ పగలూ నడిపించేవారు. నలభై రోజుల దీక్షను వారంలో ముగించే ఉపాయమన్నమాట! ఇంత అవసరం లేదు, ఇదంతా చాదస్తం అని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. తరవాతి నమూనాల్లో కంపెనీలే బొమ్మను కంటికి తెలియకుండా అటూ ఇటూ కొద్దిగా జరిపే ఏర్పాటు పెట్టాయి. దీక్ష ఎన్ని గంటలన్న దాని మీద ఎన్ని వాదాలున్నా, నిలిచిన బొమ్మను వదిలేయకండన్న మాట మాత్రం కంపెనీల పుస్తకాల్లోనూ ఉండేది.

నన్నడిగితే ఆ రంగు తెరల కంటే మన బతుకమ్మ మేలు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి టీవీలో చూపించేది గుర్తు చేసుకోండి. తంగేడు పసుపు, గునుగు తెలుపు, కట్లపూల నీలం, బంతి నారింజ. తెర నిండా రంగు, అన్ని రంగులూ సమానంగా. చుట్టూ ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే ఏ రంగూ ఒకచోట నిలబడదు. ప్లాస్మాకు ఇంతకంటే మంచి మచ్చిక ఏం కావాలి? అలాగే ఈటీవీలో పొద్దున్నే వచ్చే 'అన్నదాత'లో ఒకనాడు వరి, ఒకనాడు మామిడి, ఒకనాడు పాడిగేదె. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన 'పాడుతా తీయగా'లో ప్రతివారం కొత్త గొంతు, కొత్త మొహం, కొత్త పాట. పాడే పిల్ల తప్పు చేస్తే ఆయన చిరునవ్వుతో దిద్దేవారు. పిడుగులు పడేవి కావు. ప్లాస్మా నియమాలు నాలుగూ చదవకుండానే పాటించిన కార్యక్రమాలివి.

ఇంత చెప్పాక ఆ టీవీ ఏమైందో చెప్పకపోతే బాగుండదు. నలుపును నల్లగా చూపించడంలో దానికి సాటిలేదని తెలిసినవాళ్ళు అప్పట్లో అనేవారు. కానీ కరెంటు ఎక్కువ తాగేది, బరువెక్కువ, ఎండ పడే గదిలో వెలవెలబోయేది. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీలు చవకయ్యాయి. పానాసోనిక్ 2013 చివర తయారీ ఆపేసింది. శాంసంగ్, ఎల్జీ 2014లో ఆపేశాయి. యాభై ఏళ్ళ కథ ముగిసింది.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఉన్న ఎల్‌ఈడీ తెరకు అలాంటి మచ్చ సాధారణంగా పడదు. అదొక సుఖమే. ఓఎల్‌ఈడీ అనే ఖరీదైన టీవీలకూ, చాలా సెల్‌ఫోన్ల తెరలకూ మాత్రం ఆ భయం ఇంకా ఉంది. పాత ఫోను తెల్లటి తెర మీద పెట్టి చూస్తే, రోజూ వాడే మీటల నీడ సన్నగా కనబడవచ్చు. మిగతా తెరలు రోజంతా ఏం చూపించినా రాత్రికి కడిగిన పళ్ళెంలా ఉంటాయి. రుజువు లేదు గనక నేరం లేదనుకుంటున్నాం. వార్తల్లో పట్టీలు అప్పటికంటే లావెక్కాయి. సీరియల్‌లో మంచి ఆడది ఇంకా నోరు తెరవలేదు. చెప్పే తెర పోయింది గనక చూసే పని మనమే చేసుకోవాలి. వారానికొకసారి టీవీ కట్టేసి, ఈ వారం చూసినవాటిలో మనసులో కదలకుండా నిలబడ్డ బొమ్మ ఏది, అది ఉండదగినదేనా అని ఇంట్లో అందరూ, ముఖ్యంగా ఆ హోంవర్కు చేసుకునే పిల్ల వినేలా, పైకే మాట్లాడుకుంటే చాలు. దానికి ఏ మెకానిక్కూ అక్కర్లేదు.

ఇక కొత్త టీవీ కొనబోయేవాళ్ళకు ఒక సలహా. అది ఏ రకానిదైనా సరే, చట్రానికి బొట్టు పెట్టండి, కొబ్బరికాయ కొట్టండి, బండి కూడా కొన్నట్టయితే కొండగట్టుకూ వెళ్ళి రండి. మొదటి నలభై రోజులు మాత్రం రిమోట్ ఇల్లాలి చేతికివ్వండి. కుండనూ పెనాన్నీ చీరనూ మచ్చిక చేసిన చెయ్యి అది. నలభై ఒకటో రోజున ఆవిడ తిరిగి ఇస్తుందా అని అడుగుతారేమో, ఆ హామీ మాత్రం నేనివ్వలేను!